ఫైనల్ రాత్రికి అద్దె తెర: ప్రొజెక్టర్ తీసుకోండి, మిగతావి అడిగి తీసుకోండి

విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లిళ్లకీ కాలేజీ ఫంక్షన్లకీ ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే ఓ దుకాణం యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి విడిగా ‘మ్యాచ్ ప్యాకేజీ’ పెట్టింది. ఎనిమిది అడుగులకు ఆరడుగుల తెర, ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు, నెట్‌లో వచ్చేది తెర మీద చూపించే ఫైర్ స్టిక్, బిగించి వెళ్లే ఒక కుర్రాడు. పటమట, మొగల్రాజపురం దాకా రవాణా కలిపి 4,500 రూపాయలు, డిపాజిట్ 2,000. పాతిక ముప్ఫై మంది చేరే అపార్ట్‌మెంటుకి ధర సబబే. తెర మీద మడతలు లేవు, మరకలు లేవు. కుర్రాడికి పని వచ్చు. కాకపోతే ఇది పెళ్లి ఫొటోలు చూపించడానికి కూర్చిన సామాను. ఫొటో కదలదు, బంతి కదులుతుంది. చిక్కులన్నీ అక్కడినుంచే వస్తాయి.

ముందు టైం సంగతి. ప్యాకేజీ రాత్రి 8 నుంచి 12 వరకే. 2025 మ్యూనిక్ ఫైనల్ దాకా మనకు ఆట అర్ధరాత్రి 12:30కి మొదలయ్యేది. 2026 బుడాపెస్ట్ ఫైనల్‌తో కిక్ ఆఫ్‌ని అక్కడి సాయంత్రం 6 గంటలకు జరిపారు కాబట్టి మనకిప్పుడు 9:30. నిర్ణీత సమయంలో తేలితే 11:25కల్లా అయిపోతుంది. అదనపు సమయానికి వెళితే పన్నెండు దాటుతుంది, పెనాల్టీలకు మరో పావుగంట, ఇరవై నిమిషాలు. 2016లో రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్ మధ్య పెనాల్టీలు జరిగాక 2025 దాకా ఒక్క ఫైనల్ కూడా అదనపు సమయం చూడలేదు, నిజమే. అయితే 2022లో ప్యారిస్‌లో కిక్ ఆఫే 36 నిమిషాలు ఆలస్యమైంది. ఒంటిగంట వరకూ సామాను ఉంచుతామని బిల్లు మీదే రాయించుకోండి. అదనంగా 500 అడుగుతున్నారు, ఇచ్చేయడమే మేలు.

దుకాణంలో రెండు రకాల ప్రొజెక్టర్లున్నాయి. మొదట చేతికిచ్చేది ఆఫీసు రకం, 1024x768. ‘ఫుల్ హెచ్‌డీ సపోర్ట్’ అని డబ్బా మీద ఉంటుంది. దానర్థం ఫుల్ హెచ్‌డీ సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే, ఆ స్పష్టతతో చూపిస్తుందని కాదు. వెడల్పు బొమ్మ వేసినప్పుడు దాని తెర మీద పడేది 1024x576 చుక్కలే, అవతలి గోల్ దగ్గర జెర్సీ నంబరు చదవలేరు. అసలు రిజల్యూషన్ 1920x1080 ఉన్న రెండో మెషీన్‌కి 800 ఎక్కువ. ఇది దండగ ఖర్చు కాదు. తెర నలుచదరానికి దగ్గరగా ఉంది కాబట్టి ఎలాగూ పైనా కిందా కలిపి అడుగున్నర ఖాళీ పోతుంది, బొమ్మ మూలనుంచి మూలకి 110 అంగుళాలు వస్తుంది. దానికి ప్రొజెక్టర్ పన్నెండు అడుగుల దూరంలో ఉండాలి. బొమ్మ కింది అంచు నేలకి నాలుగు అడుగుల ఎత్తులో లేకపోతే ముందు వరస తలల వెనక దగ్గరి టచ్ లైన్, అంటే మైదానం పక్క గీత, మాయమవుతుంది. కీస్టోన్ బటన్ నొక్కి వంకర సరిచేస్తే చుక్కలు తగ్గుతాయి, ప్రొజెక్టర్‌నే తెరకి ఎదురుగా నిలబెట్టించండి. పెళ్లి సెట్టింగ్ ‘డైనమిక్’లో గడ్డి పచ్చ రేడియంలా మెరుస్తుంది, ‘సినిమా’కి మార్చాలి.

ఇక బంతి ఎగిరెగిరి వెళ్లినట్టు కనిపించడం. చాలామంది ఈ తప్పుని ఇంటర్నెట్ మీదకు నెట్టేస్తారు. యూరప్ ప్రసారం సెకనుకు 50 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కలో వస్తుంది, ఫైర్ స్టిక్ మామూలుగా 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 చొప్పున పంపుతుంది. ఆ లెక్క కలవక కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడతాయి. కెమెరా అడ్డంగా తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 1080p 50 హెర్ట్జ్ ఎంచితే పోతుంది, అర నిమిషం పని. కుర్రాడికి ఇది తెలియదు, చెబితే చేస్తాడు. టెస్టుకి వాళ్లు పెళ్లి వీడియో వేస్తారు. 2025 ఫైనల్ హైలైట్స్ వేయమనండి. ఇటలీ క్లబ్ ఇంటర్ మీద ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీ 5-0తో గెలిచిన ఆ ఆటలో 20వ నిమిషం గోల్ సొంత సగంలో మొదలైన ఎదురుదాడి, ఎడమనుంచి దెంబెలే వేసిన బంతిని కుడివైపు దూయే కొట్టాడు. కెమెరా మైదానం పొడవునా పరుగెత్తుతుంది. అది నున్నగా కనిపిస్తే రాత్రికి దిగుల్లేదు.

ఫోన్‌లో కనిపించేదాన్నే తెరకి పంపితే (మిర్రరింగ్) మాట వినిపించి బొమ్మ నల్లగా ఉండొచ్చు. కాపీ రక్షణ వల్ల అది, ప్రొజెక్టర్ తప్పు కాదు. రెండో టీవీకి పంచుదామని మధ్యలో చవక స్ప్లిటర్ పెట్టినా అదే గతి. మ్యాచ్ వచ్చే సోనీ లివ్ యాప్‌ని ఫైర్ స్టిక్‌లోనే తెరవాలి. 7 ఎంబీపీఎస్ స్ట్రీముకి గంటకు సుమారు 3 జీబీ అవుతుంది, రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ హాట్‌స్పాట్ మీద విరామం కూడా చూడదు. వీలైతే ఎవరింట్లోదైనా కేబుల్ బాక్సు తెచ్చి పెట్టుకోవడం ఉత్తమం. స్ట్రీమింగ్ అర నిమిషం పైనే వెనకబడుతుంది, పక్క బిల్డింగ్ కేక విన్నాక మనకు గోల్ కనిపిస్తుంది. స్కోరు ముందే తెలిసిపోకుండా ఫోన్లు కూడా జేబుల్లోనే ఉండాలి.

స్పీకర్లు బ్లూటూత్‌వి. బంతి తన్నాక చప్పుడు వస్తుంది. ఆక్స్ వైరు ఇమ్మంటే ఇస్తారు, ఆరు అడుగులది కాదు, ప్రొజెక్టర్ నుంచి తెర దాకా చేరేలా ఆరు మీటర్లది అడగండి. రెండు స్పీకర్ల అవసరమే లేదు. అసలు చోటే పెద్ద ప్రశ్న. అందరికీ మేడ మీద పెట్టాలని ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లోనే ఫైనల్. పగలంతా కాగిన శ్లాబు రాత్రి తొమ్మిదికీ సెగ కక్కుతుంది. చాలా ప్రొజెక్టర్లకు చుట్టూ గాలి 35-40 డిగ్రీలే హద్దు, దాటితే రక్షణకోసం తనంతట తనే ఆగిపోతుంది. పైగా ఈదురుగాలి లేస్తే ట్రైపాడ్ తెర తెరచాపే, కాళ్ల మీద ఇసుక మూటలు పెట్టినా ఊగే తెర మీద బొమ్మ నిలవదు. ఇంకోటి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషేధం. ఆట మొదలైన అరగంటకే పది కొడుతుంది. నాలుగు గోడలున్న కమ్యూనిటీ హాలే సరైన చోటు. సెల్లార్‌లో వేడి తక్కువే, మూడు పక్కలా తెరిచి ఉంటే అది కూడా ఆరుబయట కిందికే వస్తుంది, పైగా సిగ్నల్ అందదు. టికెట్టు పెట్టి మాత్రం చూపించకండి, ఇంటి చందాతో వ్యాపారం కుదరదు.

కరెంటు పోవడం గురించి దుకాణం వాళ్లు ఏమీ చెప్పరు, జెనరేటర్ ఇవ్వరు. ప్రొజెక్టర్, ఒక స్పీకరు, స్టిక్ కలిపి 400 వాట్ల లోపే. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న హాలు ఇన్వర్టర్ మీద రెండు గంటల పైనే నడుస్తాయి, ఫ్యాన్లు దాని మీద వేయకపోతే. ఇన్వర్టర్ వెనక స్విచ్ ‘యూపీఎస్’ వైపు ఉండాలి. ‘నార్మల్’లో ఉంటే మారే ఆ క్షణం చాలు, ప్రొజెక్టర్ ఆరిపోతుంది. వీళ్లవి బల్బు మెషీన్లు. వేడి బల్బు వెంటనే వెలగదు, చల్లారడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. 2024లో వెంబ్లీ ఫైనల్‌లో రియల్ ఆటగాళ్లు కార్వహాల్ గోల్‌కీ వినిసియస్ గోల్‌కీ మధ్య తొమ్మిది నిమిషాలే, బల్బు చల్లారేలోపు అందులో సగం పోతుంది.

ట్రోఫీ ఎత్తగానే ప్లగ్గు పీకకండి. పవర్ బటన్ రెండుసార్లు నొక్కి, లోపలి ఫ్యాన్ తనంతట ఆగేదాకా ఉంచాలి. అలా కాకుండా పీకితే బల్బు దెబ్బతింటుంది. డిపాజిట్‌లో కోత పెట్టేది దాని కిందే. కుర్రాడు సామాను తీసుకెళ్లేటప్పుడు బల్బు వెలిగించి చూపించమని మీరే అడగండి.