చీలమండ ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ ప్యాకేజీ తీసుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఇంటికొచ్చి ఫిజియో చేస్తామనే ప్యాకేజీలకి మొత్తం డబ్బు ముందే కట్టేయకండి. మా అక్క కోసం కట్టాం, అందుకే చెప్తున్నా. ఆ సంస్థ పేరు రాయడం లేదు, ఈ పద్ధతి వాళ్లొక్కరిదే అనుకోను.

వచ్చిన అబ్బాయి డిశ్చార్జి సమ్మరీ అడగలేదు, ఎక్స్‌రే చూడలేదు. "కుట్లు తీసేశారు కదా మేడమ్, సగం బరువు వేసేయండి, ఏం కాదు" అంటూ నిలబెట్టబోయాడు. సర్జన్ కాగితం మీద నాన్ వెయిట్ బేరింగ్, అంటే ఆ కాలి మీద అసలు బరువు వేయకూడదని రాసి ఉంది! పైగా అక్కకి సిండెస్మోసిస్ స్క్రూ వేశారు, అంటే చీలమండ పైన రెండు ఎముకలూ విడిపోకుండా పట్టి ఉంచేది. ఆ సంగతి ఇతనికి తెలియనే తెలియదు.

బరువు ఎప్పుడు వేయాలన్నది ఒక్కో కాలికి ఒక్కోలా ఉంటుంది. బిగింపు గట్టిగా కుదిరితే 2 వారాలకే బూటు వేసి నడిపించే సర్జన్లున్నారు. బ్రిటన్‌లో రోగుల మీద చేసిన వాక్స్ అనే ట్రయల్ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 2 వారాలకి మొదలుపెట్టినవాళ్లు 6 వారాలు ఆగినవాళ్లకి ఏమీ తీసిపోలేదని అందులో తేలింది. అదే షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లనైతే ఇంకా ఎక్కువ కాలం ఆపుతారు. ఎక్స్‌రే చూసి తేల్చాల్సింది సర్జన్, ప్యాకేజీ అమ్మినవాళ్లు కాదు.

ఇంకో రోజు అక్క పిక్క వాచి, నొక్కితే నొప్పి పుడుతోంది. ఆ ఫిజియోగారు నూనె సీసా తీసి మర్దన మొదలుపెట్టాడు. ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్ తర్వాత కదలకుండా ఉన్న కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అలాంటి పిక్కని పిసకకూడదు, ఆయాసం, ఛాతీనొప్పి కూడా తోడైతే వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. రక్తనాళాల్ని చూసే డాప్లర్ స్కాన్ తీయిస్తే గడ్డ లేదన్నారు, మా అదృష్టం. మిగతా సెషన్లన్నీ కరెంటు ప్యాడ్లు అంటించడం, ఫోన్ చూసుకోవడం, అంతే. పాదాన్ని పైకి వంచే కదలిక రావాలంటే వ్యాయామమే చేయించాలి. అది రాకపోతే మెట్లు దిగడం నరకం.

ఇప్పుడొచ్చే ఫిజియో ఆవిడ మొదట కాగితాలన్నీ చూశారు. బరువు వేయొచ్చని సర్జన్ రాసిచ్చాకే లేపి నిలబెట్టారు. ఆయన 20 కిలోలన్నారని, బరువు చూసే మిషన్ నేల మీద పెట్టి, వాకర్ పట్టుకుని ఆ కాలు ఆనించమన్నారు. ముల్లు 20 దాటగానే "చాలు" అన్నారు. అరికాలికి ఆ లెక్క అలవాటయ్యేదాకా అదే పని.

కాబట్టి సెషన్‌కి సెషన్ డబ్బిచ్చే పద్ధతే అడగండి. ఎవరొస్తారో, రోజూ వాళ్లే వస్తారో లేదో, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మాకు మాత్రం "వాడని సెషన్లకి రీఫండ్ లేదు" అన్న నిబంధన రసీదు వెనక చిన్న అక్షరాల్లో కనిపించింది, అదీ డబ్బు కట్టాక.