మా ఊరి గ్యాస్ దహనవాటిక: కొలిమికి పూర్తి మార్కులు, గేటు బయటి బేరాలకు సున్నా

గోదావరి ఒడ్డున ఉన్న మా పట్టణంలో మునిసిపాలిటీ వారి గ్యాస్ దహనవాటికను మొన్న మాఘమాసంలో మా మేనత్తగారి అంత్యక్రియల కోసం వాడుకున్నాం. అవసరం వచ్చిన రోజున నింపాదిగా వాకబు చేసే ఓపిక ఏ ఇంట్లోనూ ఉండదు కనుక, అక్కడ ఏది బాగుందో, ఏది బాగాలేదో రాసి పెడుతున్నాను.

అత్తయ్యగారు ఇంట్లోనే పోయారు. అందువల్ల ఆవిడకు వైద్యం చేస్తున్న డాక్టరుగారి దగ్గర మరణ కారణ ధ్రువపత్రం తీసుకుని, దానితోపాటు ఆవిడ ఆధార్ నకలు, దహనం జరిపించేవారి ఆధార్ నకలు కౌంటరులో ఇచ్చాం. 3,000 రూపాయలు కట్టగానే రశీదు ఇచ్చి, రిజిస్టరులో పేరు, వయసు, సమయం రాసుకుని మా చేత సంతకం పెట్టించారు. ఇది వారి మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజుల్లోగా తెలియజేయవలసిన బాధ్యత ఇంటి పెద్దదే అయినా, శ్మశానం నిర్వహించేవారికీ అదే చట్టం ఆ బాధ్యతను పెట్టింది. గడువు ఏడాది దాటిందంటే, 2023 సవరణ తరువాత, జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఉత్తర్వు ఇస్తే తప్ప నమోదు కాదు. పింఛను, బ్యాంకు ఖాతా, పొలం పాసుపుస్తకం అన్నీ నమోదు తరువాత వచ్చే మరణ ధ్రువపత్రం అన్న ఒక్క కాగితం మీదే ఆధారపడతాయి కనుక, దానికి పనికొచ్చే ఈ రశీదును పసుపు కుంకుమల సంచిలో పడేయకుండా జాగ్రత్త చేసుకోవడం మంచిది.

లోపల సిమెంటు అరుగు, దాని ముందు పట్టాల మీద నడిచే ఇనుప ట్రే, ఆ వెనుక కొలిమి తలుపు ఉన్నాయి. ఆపరేటరు మొదట అడిగిన ప్రశ్న, "అమ్మగారికి పేస్‌మేకరు గానీ ఉందాండీ?" అని. వేడికి అది పేలుతుందట. ఆ తరువాత వెదురు పాడెను, ప్లాస్టిక్ దండలను పక్కకు తీయించాడు. అత్తయ్యగారికి ఒక్కతే కూతురు. కర్మ ఎవరు చేస్తారన్న మాట ఇంటి దగ్గర రేగి, దింపుడుకళ్లం దాకా సాగుతూనే వచ్చింది. కొడుకే తలకొరివి పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు. ఇక్కడి దరఖాస్తులో కూడా "మృతురాలితో సంబంధం" అన్న గడి ఉందే తప్ప ఆడా మగా అన్న గడి లేదు. పురోహితుడు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆ కూతురే, అంటే మా వదిన, కుండ భుజాన పెట్టుకుని అరుగు చుట్టూ మూడు చుట్లు తిరిగింది, గుండెల మీద కర్పూరం వెలిగించింది, ఆపరేటరు చూపించిన ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. ట్రే లోపలికి వెళ్లి తలుపు దిగడానికి అరనిమిషం పట్టింది. కట్టెల చితి ముందు గంటల తరబడి నిలబడ్డవారికి ఆ అరనిమిషం మరీ చప్పున ముగిసినట్టు అనిపిస్తుంది. మా బాబాయిగారు కపాలమోక్షం లేదని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. గంటన్నరలో పని పూర్తయింది. నాలుగైదు క్వింటాళ్ల కట్టెల కోసం వానలో అడితీల చుట్టూ తిరిగిన పాత అనుభవం ఉన్నవాడిని కనుక, నాకు ఇదే మేలనిపించింది.

పాత రుద్రభూమిలో ఏ కులంవారి మూల వారిది. దళితులను, గిరిజనులను శ్మశానం అందరితో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నేరంగా పేర్కొంది గానీ, మా ఊళ్లో ఆ గోడలు చెరిగింది చట్టం చదివి కాదు, కొలిమి ఒక్కటే కావడం వల్ల. మా ముందు టోకెను ఎవరిదో, వెనుక టోకెను ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇక గేటు బయటి సంగతి. ప్రభుత్వాసుపత్రిలో పోయినవారిని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి. ఇంట్లో పోయినవారికి ప్రైవేటు బండే గతి. ఫ్రీజర్ బాక్సుకు, వైకుంఠ రథానికి కలిపి 6,500 రూపాయలు మాట్లాడుకుంటే, చివర 18 శాతం జీఎస్టీ పేరుతో 1,170 రూపాయలు కలిపిన బిల్లు వచ్చింది. 2017 నాటి జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు అంత్యక్రియలను, ఖననాన్ని, దహనాన్ని, మార్చురీని, మృతదేహం తరలింపును అసలు సేవగానే లెక్కించదు, అంటే పన్ను లేదు. 2022 జులైలో 18 శాతానికి పెరిగింది శ్మశానవాటికల నిర్మాణ కాంట్రాక్టుల మీద పన్ను. దాన్ని పట్టుకుని శవం మోసినందుకూ పన్ను అంటున్నారు. బండి తలుపు దగ్గర నిలబడి ఎవరు వాదిస్తారు? కట్టేశాం. పదకొండో రోజు తరువాత ఆ షెడ్యూలు ప్రతి తీసుకుని వెళితే గొణుగుతూ తిరిగి ఇచ్చారు.

లోపల కూడా రశీదుకు పైన "మీ ఇష్టం" అంటూ చేయి చాచడం ఉంది. బలవంతం లేదు గానీ, ఫీజుల బోర్డు వేలాడదీసిన గోడ కిందే అడగడం ఎబ్బెట్టుగా ఉంది. దీనికి ఒక మార్కు కోసి, దహనవాటిక మొత్తానికి ఐదింటికి నాలుగు ఇస్తున్నాను. అస్థికలు మట్టికుండలో పోసి, టోకెను నంబరు చాక్‌పీసుతో రాసి గదిలో పెడతారు. ఆ గది తాళం ఉదయం ఏడు దాటితే గానీ తీయరు. సూర్యోదయానికే రేవులో కలపాలనుకునేవారు ముందురోజు సాయంత్రమే ఆపరేటరుకు చెప్పి ఉంచుకోవాలి, కుండ మూతికి కట్టే తెల్లగుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్లాలి.