ఉష్ణమండల సముద్ర మేఘాల కొలతకు ఉపగ్రహమా, విమానమా?

2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి బయలుదేరిన భారత్–ఫ్రాన్స్ ఉపగ్రహం మేఘా ట్రాపిక్స్, భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలుతో తిరుగుతూ, ఉష్ణమండల ప్రాంతాలను రోజుకు పలుమార్లు చూసి, మేఘాలు తిప్పి పంపే సూర్యకాంతిని స్కారబ్ పరికరంతో కొలిచింది. ఖర్చు ముందే భారీగా పడుతుంది. కొలతలు మాత్రం ఏళ్ల తరబడి అందుతాయి. అయితే స్కారబ్ ఒక్కో కొలత సుమారు 40 కిలోమీటర్ల మేరకు సగటు కనుక, కిలోమీటరు వెడల్పైనా లేని చిన్న మేఘాలు అందులో కలిసిపోతాయి. నా దృష్టిలో ఇదే పెద్ద లోటు.

2020 ఆరంభంలో కరీబియన్ దీవి బార్బడోస్ దగ్గర, యూరెక్4ఏ అనే అంతర్జాతీయ మేఘ పరిశోధన కార్యక్రమం బృందాలు నౌకలు, విమానాలతో సరిగ్గా ఆ చిన్న మేఘాలనే దగ్గరనుంచి పరిశీలించాయి. శ్రమ ఎక్కువ, గడువు కొద్ది వారాలే.

ఉష్ణమండలమంతటికీ కాంతి లెక్క కావాలంటే ఉపగ్రహమే తగినది. ఒక మేఘం ఎందుకంత వెలుగును తిప్పికొడుతోందో తెలియాలంటే విమానం తప్పదు.