పద్నాలుగో వీధి స్టేషన్‌లో కంచు బొమ్మలు: తప్పకుండా చూడండి

న్యూయార్క్ వచ్చేవాళ్లు టైమ్స్ స్క్వేర్ ఎలాగూ చూస్తారు. పద్నాలుగో వీధి, ఎయిత్ అవెన్యూ సబ్‌వే స్టేషన్ కూడా లిస్టులో రాసుకోండి. ఏ, సీ, ఈ, ఎల్ రైళ్లు ఆగే చోటు. టామ్ ఆటర్‌నెస్ అనే శిల్పి చేసిన కంచు బొమ్మలు వందకు పైగా ఉన్నాయక్కడ. మొత్తానికి పేరు 'లైఫ్ అండర్‌గ్రౌండ్'. 2001లో పెట్టడం మొదలైంది. ఒప్పుకున్న పనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చేసిచ్చాడట ఆయన!

మాది తెనాలి. విగ్రహాలు పోతపోసే చోట్లు చూస్తూ పెరిగినవాణ్ణి, కంచు కనిపిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేను. ఇక్కడ పెట్టొచ్చు. అద్దాల్లేవు, తాళ్లు కట్టలేదు. జనం చేతులు తగిలే నెత్తులు, బొజ్జలు బంగారంలా మెరుస్తున్నాయి, చెయ్యందని మడతలు నల్లగానే ఉన్నాయి. గుళ్లో ధ్వజస్తంభం మొదలు భక్తుల చేతులకు నునుపుదేరినట్టే ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మొసలి బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. మ్యాన్‌హోల్ మూత పైకెత్తి, ఓ మనిషిని పట్టుకుంటుంది. ఆ మనిషికి తల బదులు డబ్బు మూట! న్యూయార్క్ మురుగుకాలవల్లో మొసళ్లున్నాయని పాత పుకారు. డబ్బు మూట తల మాత్రం 1871 నాటిది. నగర రాజకీయాల్ని గుప్పెట్లో పెట్టుకున్న బాస్ ట్వీడ్‌ని థామస్ నాస్ట్ అలాగే కార్టూన్‌లో గీశాడు. నవ్వించే బొమ్మే, కానీ కోపం కూడా ఉంది అందులో.

ఇంకోచోట ఒకడు టికెట్ లేకుండా గేటు కింద నుంచి దూరుతుంటాడు. నిలువ నీడలేక స్టేషన్లో పడుకున్నవాళ్లని లేపే పోలీసులూ ఉన్నారు. అందమైన పూలూ పక్షులూ పెట్టి ఊరుకోకుండా, అదే స్టేషన్లో రోజూ జరిగేది అక్కడే చూపించాడు. అందుకు ఆయనకు దండం పెట్టాలి.

పిల్లల్ని తీసుకెళ్లండి, చాలా బొమ్మలు వాళ్ల ఎత్తులోనే ఉంటాయి. ఆఫీసులు వదిలే వేళ మాత్రం వద్దు, నిలబడి చూడనివ్వరు. ఆదివారం పొద్దున హాయి. గోడలే చూసుకుంటూ పోతే సగం తప్పిపోతాయి. బెంచీల మీద, మెట్ల పక్కన, తలెత్తి దూలాల మీద కూడా వెతకండి. ఎల్ ప్లాట్‌ఫారం మర్చిపోవద్దు.