ఊసరవెల్లికి ఎండు పండ్ల డబ్బా కొనొచ్చా?

సరీసృపాల ఆహారంగా అమ్మే ఎండు పండ్లు, కూరగాయల మిశ్రమం డబ్బాల మీద ఊసరవెల్లి బొమ్మ కూడా కనిపిస్తుంటుంది. దాన్ని చూసి కొనేముందు మీరు పెంచేది ఏ జాతో చూసుకోండి. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతపు వీల్డ్ ఊసరవెల్లి పెద్దయ్యాక ఆకులు, పూలు, పండ్లు నిజంగానే తింటుంది. మడగాస్కర్ పాంథర్ ఎప్పుడైనా కొరికితే కొరికినట్టు. జాక్సన్ జాతికి పురుగులే తిండి. అందుకే వీల్డ్ లేనివాళ్లకు ఈ డబ్బాతో నేరుగా పనిలేదు.

వీల్డ్‌కైనా పొడి ముక్కలు అలాగే పెడితే చాలాసార్లు ముట్టుకోదు. తాజా ఆకు తళుకు, తడి వీటిలో ఉండవు. పైగా ఇది ఆకుల మీది నీటిచుక్కలు నాకి దాహం తీర్చుకునే జంతువు, తిండిలో నీరు లేకపోతే దానికి లోటే. గోరువెచ్చని నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి, నీళ్లు వంపేసి, దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా చిన్న ముక్కలుగా తరగండి. గిన్నెను నేలమీద కాకుండా అది రోజూ తిరిగే కొమ్మకు, నోటికి అందే ఎత్తులో బిగించండి. ముక్కల మధ్య రెండు కీచురాళ్లను వదిలితే, వాటిని పట్టబోయినప్పుడు పండు కూడా నోట్లోకి వెళ్తుంది. మొదటిసారి రుచి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. గిన్నె గోడలు నున్నగా ఉండాలి, లేకపోతే పురుగులు పాకి బయటపడతాయి. నోరు బలవంతంగా తెరిచి మాత్రం పెట్టకండి, దవడకు దెబ్బ తగులుతుంది. పంజరంలో వెచ్చదనానికి పెట్టే దీపం వేడికి నానిన ముక్కలు త్వరగా పాడవుతాయి కాబట్టి మూడు, నాలుగు గంటల్లో తీసేయండి.

ఇక డబ్బా వెనక రాసిన దినుసులు. మామిడి, అరటి, బొప్పాయి ముందుండి ఆకులు చివర ఉంటే అది చక్కెర డబ్బాయే. పండ్లలో కాల్షియం తక్కువ. పాలకూరలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి అందనివ్వవు. ఈ లోటు కొనసాగితే దవడ మెత్తబడి, కాళ్లు వంగిపోతాయి. అవకాడో కనిపిస్తే అసలు కొనొద్దు, అందులోని పెర్సిన్ విషం. వారానికి ఒకటి రెండు ముక్కలు చాలు. విరేచనం పలచబడితే అవీ ఆపేయండి.

నేరుగా పెట్టడం కన్నా ఈ మిశ్రమం మేతపురుగులకు బాగా పనికొస్తుంది. నలగ్గొట్టి కీచురాళ్లకు, డుబియా బొద్దింకలకు వేసి, పక్కన తాజా ఆవాకు, గుమ్మడి, క్యారెట్ ముక్కలు పెట్టి, 24 గంటల తర్వాత ఆ పురుగులను ఊసరవెల్లికి వదలండి. పండు ముట్టని పాంథర్‌కూ, జాక్సన్‌కూ కూరగాయల సారం అందే దారి ఇదే. కీచురాయిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. అందువల్ల వదిలేముందు ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి పలచగా అద్దడం మానకూడదు.

అదే డబ్బుకి మందులు కొట్టని మందార మొక్క కుండీ ఒకటి పంజరంలో పెడితే వీల్డ్‌కి ఇంకా మేలు. ఆకు, పువ్వు రెండూ తింటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొరుక్కుంటుంది, నానబెట్టే పని ఉండదు. మొక్క తెచ్చిన కొత్తలో ఆకులు బాగా కడిగి, కొన్ని వారాలు బయటే పెంచి, కొత్త చిగుళ్లు వచ్చాక లోపల పెట్టండి. పిల్ల ఊసరవెల్లికి మాత్రం ఈ డబ్బా తెరవకండి. ఎదిగే వయసులో దాని కడుపు పురుగులతోనే నిండాలి.