ఇగ్నో జెండర్ స్టడీస్ ఎం.ఏ.: గోదావరి డెల్టాలో ఉండి చదివేవారికి ఎంత పనికొస్తుంది?

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుల మీద క్రోషే సూదితో లేసు అల్లే ఆడవాళ్లు కనిపిస్తారు. "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాం" అంటారు. చేతిలో పని సాగుతుండగానే పని లేదనే ఈ మాట దగ్గరే జెండర్ స్టడీస్, అంటే ఆడ, మగ పాత్రలను సమాజం ఎలా తీర్చిదిద్దుతుందో పరిశీలించే చదువు, మొదలవుతుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించారు. ఇల్లు దాటకపోవడమే గౌరవమనుకున్న కుటుంబాల స్త్రీలు లేసు పనికి కుదిరారు. ఎగుమతి సరుకు తయారుచేస్తున్నా వాళ్లను గృహిణులుగానే లెక్కగట్టారు. ఖాళీ వేళల్లో చేసే పని అనే పేరు పెట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. పొలం కూలికి వెళ్లే స్త్రీల సంపాదన అంతకంటే మెరుగ్గా ఉండేది. ప్రపంచమంతా చదివే ఈ పరిశోధనకు ముడిసరుకు మన వీధి అరుగు. అందుకే ఈ సబ్జెక్టు ఎక్కడో దూరపు వ్యవహారమని డెల్టాలో ఎవరైనా అంటే ఒప్పుకోలేం.

ఇక కోర్సు సంగతి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో ఇచ్చే ఎం.ఏ. విమెన్స్ అండ్ జెండర్ స్టడీస్ రెండేళ్లది, నాలుగేళ్లలోపు పూర్తిచేసుకోవచ్చు. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు: బీకాం అయినా, బీటెక్ అయినా, ఎప్పుడో ఆగిపోయిన బీఏ పూర్తిచేసుకున్నవారైనా సరే. జనవరిలో, జులైలో రెండుసార్లు ప్రవేశాలుంటాయి. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే ముందు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో యూజీసీ దూరవిద్యా విభాగం వారి డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆధార్‌లో, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటేనా అని అప్లికేషన్‌కు ముందే చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు ఎక్కువ ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ఇది సరిచేసుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగొద్దు.

పాఠ్యపుస్తకాలు బాగున్నాయి. సిద్ధాంతాలు, జెండర్-అధికారం, కళలు-మీడియాలో జెండర్, శరీరం-లైంగికత అనే క్రమంలో మొదటి ఏడాది పేపర్లు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. పుస్తకాలన్నీ ఇగ్నో వారి ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫీజు కట్టే ముందు వారం రోజులు అక్కడ చదివి చూడమనే మా సలహా. అచ్చుపుస్తకాలు వద్దనుకుంటే ఫీజులో 15 శాతం తగ్గుతుంది, కానీ ఫోన్ తెరమీద సిద్ధాంతం చదవడం కష్టం. కనీసం మొదటి పేపరైనా జిరాక్స్ తీయించుకుంటే మంచిది.

పెద్ద లోపం భాష. తెలుగులో మెటీరియల్ లేదు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవారికి మొదటి మూడు నెలలు గడ్డుగా ఉంటాయి. దీనికి పనిచేసే ఉపాయం ఒకటుంది: పితృస్వామ్యం, శ్రమ విభజన, కనిపించని శ్రమ, ఏజెన్సీ (తన నిర్ణయం తానే తీసుకుని నడవగల శక్తి) లాంటి నలభై యాభై మాటలకు సొంత పట్టిక రాసుకుని, ప్రతి మాటకూ పక్కన మన ఊరి ఉదాహరణ ఒకటి పెట్టుకోవడం. 'కనిపించని శ్రమ' పక్కన లేసు, 'శ్రమ విభజన' పక్కన ఊడ్పులు. నారు తీసి మోసేది ఎవరు, నాటేది ఎవరు, ముఠాకు ఎకరం చొప్పున బేరం మాట్లాడేది ఎవరు అని రాసుకుంటే నిర్వచనం బట్టీపట్టే అవసరం ఉండదు. వెదజల్లే పద్ధతి, నాటు యంత్రాలు వచ్చాక సార్వాలో (ఖరీఫ్ వరిపంటలో) ఆడవాళ్లకు ఎన్ని పనిదినాలు పోయాయన్నది కూడా ఆ పట్టికలోకే వస్తుంది. 1993 నుంచి వస్తున్న 'భూమిక' స్త్రీవాద పత్రిక సంచికలు తిరగేస్తే తెలుగులో ఈ పదాలు ఎలా వాడాలో తేలిగ్గా పట్టుబడుతుంది.

మార్కుల లెక్క జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్‌లో లేదా డిసెంబరులో జరిగే పరీక్షకు 70 శాతం. పాస్ కావడానికి రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. అసైన్‌మెంట్ ఇవ్వకుండా పరీక్ష రాస్తే ఆ పేపర్ పూర్తయినట్టు కాదు. ఎక్కువమంది దెబ్బతినేది పాత సెషన్ ప్రశ్నలకు జవాబులు రాసి ఇవ్వడం వల్ల. ప్రశ్నపత్రం మీద ఉన్న సెషన్ మీ సెషనేనా అని మొదట చూడండి. చేత్తో రాయాలి, జిరాక్స్ ఉంచుకోవాలి, అధ్యయన కేంద్రంలో ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. మార్కులు నమోదు కాలేదని తర్వాత తెలిస్తే ఆ రసీదే ఆధారం. బజారు గైడ్లలోంచి ఎత్తిరాసిన జవాబులు ఒకే మూసలో ఉండి తేలిగ్గా దొరికిపోతాయి. పైగా ఈ కోర్సులో నేర్చుకోవాల్సిందంతా ఆ రాతలోనే ఉంది. పరీక్ష ఫారం, దాని ఫీజు వేరు. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ వేరు. మొదటి ఏడాది ఫలితాలు వచ్చినా రాకపోయినా అది చేసుకోవాల్సిందే. ముఖాముఖి తరగతుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ సబ్జెక్టులో విద్యార్థులు తక్కువగా ఉన్నచోట అవి అంతంతమాత్రమే.

ఈ చదువు విలువ తెలిసేది మాత్రం భూమి దగ్గర. ఆడపిల్లకు వాటా అనగానే మన దగ్గర వచ్చే మొదటి మాట "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా" అని. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు. ఈ తేదీలు లాయరూ చెబుతారు. చట్టం ఉండి కూడా చెల్లెలు అన్నల మీద వాటా ఎందుకు అడగదు, అడిగితే పుట్టింటి గుమ్మం ఎలా మూసుకుపోతుంది, సంతకం పెట్టించుకోవడానికి పండగ చీర ఎలా పనికొస్తుంది అన్నవి అడిగే పద్ధతి నేర్పేది ఈ సబ్జెక్టు.

చదువుతూనే చేయదగ్గ అభ్యాసం ఒకటి. ఊళ్లో ముప్ఫై ఇళ్లు తీసుకుని, ఒప్పుకున్నవారి దగ్గరే, 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూసి ఎవరి పేరున ఎంత భూమి ఉందో రాయండి. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది: కాగితంలో భార్య పేరుంటే భూమి మీద అధికారం ఆమెదేనని లెక్కేస్తారు. అప్పు కోసమో, పసుపు కుంకుమ కిందో పేరు ఉండొచ్చు. కౌలు ఎన్ని బస్తాలో ఎవరు తేల్చారు, ధాన్యం డబ్బు ఎవరి ఖాతాలో పడింది, డ్వాక్రా అప్పు ఎవరు వాడారు, తీర్చింది ఎవరు అని నాలుగు గడులు అదనంగా పెడితే అసలు బొమ్మ బయటపడుతుంది. కౌలురైతు కుటుంబమైతే సాగుదారు హక్కుపత్రం ఉందా, ఎవరి పేరున ఉంది అని మరో గడి చేర్చాలి. దానికి యజమాని ఒప్పుకోలు కావాలి కాబట్టి చాలా ఇళ్లలో ఆ గడి ఖాళీగానే మిగులుతుంది.

కాలం లెక్కకు కూడా పద్ధతి ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంటల లెక్కన అడిగింది, అంటే రోజుకు 48 గడులు. జీతంలేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 అని తేలింది. అదే పట్టిక లేసు అల్లే ఇంట్లో వేస్తే, వంటా లేసూ ఒకే అరగంటలో పడతాయి. ప్రధాన పని ఒక్కటే రాస్తే లేసు మాయమవుతుంది. అందుకే గడిలో రెండో పనికి కూడా చోటివ్వాలి.

ఉద్యోగం అడిగేవారికి సూటిగా చెబుతాం: ఈ డిగ్రీ ఒక్కటే చూపిస్తే కొలువు రాదు. కాలేజీ అధ్యాపకుల అర్హతకు పెట్టే నెట్ పరీక్షలో విమెన్ స్టడీస్ 74వ సబ్జెక్టు; రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. దానికి ఎం.ఏ.లో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం కావాలి. 40తో గట్టెక్కితే చాలనుకున్నవారికి ఈ తలుపు మూసుకుపోతుంది, మొదటి అసైన్‌మెంట్ నుంచే 60 మీద గురిపెట్టాలి. టీచర్లకు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు, స్వచ్ఛంద సంస్థల్లో ఉన్నవారికి, విలేకరులకు, లాయర్లకు ఉన్న పనిలోనే ఇది బాగా కలిసొస్తుంది.

"ఆర్ట్స్ చదివి ఏం చేస్తుంది?" అనే ప్రశ్న భీమవరం, అమలాపురం ఇళ్లలో ఇప్పటికీ వినపడుతుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి, తర్వాత లా చేసి, రాజ్యాంగసభలో కూర్చున్నారు. 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షులయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీ అధ్యయన కేంద్రం ఆమె పేరుమీదే ఉంది. విశాఖలో ఉండి రోజూ తరగతికి వెళ్లగలిగినవారు ముందు అక్కడేమేం కోర్సులున్నాయో కనుక్కోండి; పక్కన కూర్చుని వాదించేవాళ్లు దొరకడం దూరవిద్యలో ఉండదు. పిల్లలు, పశువులు, దాళ్వా (రబీ వరి) పనుల మధ్య ఊరు కదల్లేనివారికి మాత్రం ఇగ్నోనే తగినది. ఇద్దరు ముగ్గురు కలిసి చేరి, ఆదివారం రెండు గంటలు ఒకచోట కూర్చుని ఒక యూనిట్ చొప్పున బిగ్గరగా చదువుకుంటే భాష కష్టం సగం తీరుతుంది.