విద్యార్థుల లఘుచిత్రాలకు డావిన్చీ రిజాల్వ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థులు ముందుగా అడిగేది రంగుల గురించే. సినిమా లుక్ వస్తుందా, ఎఫెక్టులు ఎన్ని ఉన్నాయి అంటారు. నేను చూసేది వేరు. పాత డ్రాఫ్టును చెరపకుండా కొత్తది మొదలుపెట్టడం ఎంత తేలిక? నెల కిందటి కట్‌లో బాగున్న ఒక చూపును ఇవాళ్టి కట్‌లోకి తెచ్చుకోవడం ఎంత తేలిక? ఈ రెండింటికీ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇచ్చినంత మంచి జవాబు నాకు మరెక్కడా దొరకలేదు. అందుకే కాలేజీ పిల్లల లఘుచిత్రాలు కొన్నేళ్లుగా ఇందులోనే కట్ చేస్తున్నాను, వాళ్లచేత చేయిస్తున్నాను.

మొదట్లో ఇది రంగులు దిద్దడానికి పుట్టిన వ్యవస్థ. ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో, దీన్ని తయారుచేసిన డావిన్చీ సిస్టమ్స్ కంపెనీని కొన్న తర్వాత ఎడిటింగ్ చేరింది, 2017లో శబ్దానికి ఫెయిర్‌లైట్ పేజీ, 2018లో ఎఫెక్టులకు ఫ్యూజన్ పేజీ వచ్చాయి. ఇందులో పేజీ అంటే ఒక్కో పనికి విడిగా ఉండే తెర. నేను ఎక్కువ కాలం గడిపేది మాత్రం ఎడిట్ పేజీలోనే.

ఇటీవలి చిత్రం ఒకటి చెబుతాను. పల్లె నుంచి రోజూ బస్సులో పట్నం వచ్చి ఇంటర్ చదివే అమ్మాయి, ఆ చదువు మాన్పించాలనుకునే తండ్రి. సీన్లన్నీ స్క్రిప్టు వరుసలో పేర్చితే 24 నిమిషాలు వచ్చింది. ఈ మొదటి అసెంబ్లీ చూసి పిల్లలు దిగాలు పడతారు, తీసిందంతా వృథా అనుకుంటారు. ఏ చిత్రానికైనా అసెంబ్లీ సాగదీసినట్టే ఉంటుందని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. దానికి ‘01 అసెంబ్లీ’ అని పేరు పెట్టి పక్కన ఉంచుతాం, ఇక దాన్ని ముట్టుకోం. షాట్లను వరుసగా పేర్చిన టైమ్‌లైన్ మీద రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ నొక్కితే రెండో డ్రాఫ్టు సిద్ధం. టైమ్‌లైన్‌లో ఉండేది ఏ షాటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న సమాచారమే కాబట్టి ఎన్ని డ్రాఫ్టులు దాచినా ఫుటేజ్ రెట్టింపు కాదు, డిస్కు నిండదు.

రెండో డ్రాఫ్టులో తలుపు తీయడాలు, నడిచి రావడాలు, కూర్చోవడాలు పోయాయి. నిడివి 15 నిమిషాలకు దిగింది. అయితే తండ్రి ‘ఇక చాలులే చదువు’ అనే సీను ఏదో తేడాగా అనిపించింది. అసెంబ్లీలో ఆ మాట అనే ముందు అతను కంచాన్ని కాస్త పక్కకు జరుపుతాడు. రెండు సెకన్లుంటుంది. వేగం కోసం అది తీసేయడంతో సీను పొట్టిదైంది, తండ్రి దుర్మార్గుడైపోయాడు. ఆ రెండు సెకన్లలోనే అతని సంకోచం ఉంది. కథ మొత్తం ఆ సంకోచం మీదే నిలబడి ఉంది.

ఇలాంటి చోటే రిజాల్వ్ విలువ తెలుస్తుంది. రెండు టైమ్‌లైన్లను ఒకదాని కింద ఒకటి తెరిచి, పై దానిలోంచి కావలసిన ముక్కను కాపీ చేసి కింది దానిలో అతికించవచ్చు. రెండు డ్రాఫ్టుల మధ్య ఏ షాట్లు మారాయో పోల్చి చూపే సదుపాయం కూడా ఉంది. పాత డ్రాఫ్టు వీడియోను ఆఫ్‌లైన్ రిఫరెన్స్‌గా జతచేస్తే కొత్త కట్ పక్కనే అది కూడా కదులుతూ కనిపిస్తుంది. మూడో డ్రాఫ్టులో కంచం తిరిగొచ్చింది, దాని తర్వాతి రెండు డైలాగులు పోయాయి. వాటి అవసరమే లేకపోయింది.

శబ్దం విషయంలోనూ డ్రాఫ్టు డ్రాఫ్టుకూ ఎంతో మారుతుంది. బొమ్మ ఇంకా తండ్రి ముఖం మీద ఉండగానే మర్నాటి బస్సు హారన్ వినిపించడం మొదలైతే, అమ్మాయి బస్సెక్కిందని వేరే చూపనక్కర్లేదు. బొమ్మకూ ధ్వనికీ లంకె తీసి ధ్వనిని ముందుకు లాగితే అయిపోతుంది. ప్రతి లొకేషన్‌లోనూ ఎవరూ మాట్లాడకుండా ఒక అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకుని రమ్మని పిల్లలకు గట్టిగా చెబుతాను. అది లేకపోతే డైలాగుల మధ్య గాలి తెగిపోయినట్టుంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా కప్పలేదు.

ప్రతి డ్రాఫ్టునూ కథ తెలియని ఒకరిద్దరికి చూపిస్తాం. వాళ్లు ఫోను చేతిలోకి తీసుకున్న చోట, కుర్చీలో కదిలిన చోట ‘ఎం’ మీట నొక్కితే చిత్రం ఆగకుండానే అక్కడ ఒక మార్కర్, అంటే గుర్తు, పడుతుంది. వాళ్లు తర్వాత నోటితో చెప్పే అభిప్రాయాలకన్నా నేను ఈ మార్కర్లనే ఎక్కువ నమ్ముతాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇది బరువైన సాఫ్ట్‌వేర్. 16 జీబీ ర్యామ్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు లేకుండా సాఫీగా నడవదు, చాలామంది విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో 8 జీబీయే ఉంటుంది. తక్కువ రిజల్యూషన్‌లో ప్రాక్సీ ఫైళ్లు తయారు చేసుకుని వాటితో కట్ చేయడమే దారి. చివరి ఎగుమతిని అసలు ఫైళ్లతో చేసుకోవచ్చు. లినక్స్ మీద ఉచిత వెర్షన్ చాలా ఫోన్లు, కెమెరాలు వాడే హెచ్.264 ఫార్మాటు వీడియోను తెరవదు. విండోస్‌లోనూ కొన్ని కొత్త కెమెరాల 10 బిట్ (రంగుల వివరం ఎక్కువగా ఉండే) ఫైళ్లతో చిక్కు వస్తుంది. షూటింగుకు ముందే ఒక చిన్న షాటు తీసి, తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్న సంగతి, ఇంకా ముఖ్యం. ఒకసారి టైమ్‌లైన్‌లో షాట్లు పేర్చాక దాని ఫ్రేమ్ రేటు మార్చడం కష్టం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్‌తో తీస్తే వెలుతురు రెపరెపలాడదు. ప్రాజెక్టునూ మొదటి రోజే 25కి పెట్టుకోవాలి. ఫోన్లు చాలావరకు స్థిరంగా లేని ఫ్రేమ్ రేటుతో తీస్తాయి. పొడవాటి షాట్లలో మాట, పెదవుల కదలిక వేరైపోవడానికి అదే కారణం. ముందుగా హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనంతో స్థిరమైన రేటుకు మార్చుకోవడం మేలు.

డబ్బు కట్టి స్టూడియో వెర్షన్ తీసుకోవాలా అని అడుగుతారు. 295 డాలర్లు, ఒక్కసారే. ఉచిత వెర్షన్ 3840×2160 వరకూ ఎగుమతి చేస్తుంది, విద్యార్థి చిత్రానికి అంతకుమించి అక్కర్లేదు. రాత్రి సీన్లలో గింజలు గింజలుగా కనిపించే నాయిస్ తగ్గించాలంటే మాత్రం స్టూడియో ఉండాలి. ఆ డబ్బుతో ముందు ఒక మంచి మైకు కొనమంటాను.

కొత్త వెర్షన్ వచ్చిందని చిత్రం మధ్యలో మాత్రం అప్‌డేట్ చేయకండి. కొత్తదానిలో తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదానిలో తెరుచుకోదు. ప్రాజెక్టు బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో సెట్టింగుల్లో చూసుకోండి. ప్రతి డ్రాఫ్టు తర్వాతా ప్రాజెక్టును డీఆర్‌పీ ఫైలుగా ఎగుమతి చేసి ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. అందులో ఫుటేజ్ ఉండదు, కట్ మాత్రమే ఉంటుంది కాబట్టి మెయిల్‌లో పంపేంత చిన్నది. ఫుటేజ్‌ను వేరే హార్డ్‌డిస్కులో విడిగా దాచుకోవాలి.